డిఫరెన్షియల్ ముందుకొచ్చిన కథ

మస్కట్ విమానాశ్రయం దాటి నిజ్వా దారి పట్టేవాళ్లకు బుర్జ్ అల్ సహ్వా రౌండబౌట్ బాగా తెలుసు. దాని చుట్టూ మీ కారు ఒక పూర్తి చుట్టు తిరిగిందనుకోండి. లోపలి చక్రం కంటే బయటి చక్రం ఎంత దూరం ఎక్కువ నడుస్తుంది? రౌండబౌట్ చిన్నదా పెద్దదా అన్నదానితో పని లేదు. కుడి, ఎడమ చక్రాల మధ్య ఎడం మీటరున్నర ఉంటే తేడా ఎప్పుడూ సుమారు 9.4 మీటర్లే. రెండు చక్రాలనూ ఒకే ఇరుసుకు బిగిస్తే ఈ తొమ్మిది మీటర్ల తేడానూ టైర్లు రోడ్డు మీద గీరుకుంటూ పూడ్చుకోవాలి. ఆ అవస్థ తప్పించే పళ్ల చక్రాల అమరికే డిఫరెన్షియల్.

మన ఊళ్లలో లారీ వెనకాల వెళ్తుంటే దాన్ని చూడొచ్చు. వెనక ఇరుసు నడిమధ్య గుండ్రంగా ఉబ్బి, నూనె మరకల మీద దుమ్ము పేరుకుని ఉంటుంది. మెకానిక్కులు హౌసింగ్ అంటారు. అంబాసిడర్‌కూ జీపుకూ అదే ఉండేది. ఇప్పుడు మస్కట్ రోడ్ల మీద ఎటు చూసినా కనిపించే కరోలా, క్యామ్రీ, సన్నీ, యాక్సెంట్ కింద వంగి చూడండి. వెనక ఆ ఉబ్బు ఉండదు. డిఫరెన్షియల్ ఎక్కడికీ పోలేదు, ముందుకెళ్లి గేర్‌బాక్స్ లోపల కూర్చుంది. అలా కంటికి కనబడకుండా పోవడంతో, దానికీ ఒక నూనె ఉందనీ, ఆ నూనె పాడవుతుందనీ మనం మరిచిపోయాం. ఈ మరుపు ఒక్క రోజులో వచ్చింది కాదు.

సైకిలు తెచ్చిన పరిష్కారం

ముందు చక్రంతో లాగే బండి కొత్త ఆలోచనేమీ కాదు. 1769-70లో ఫ్రెంచి సైనిక ఇంజినీరు నికొలా జోసెఫ్ క్యూన్యో తయారుచేసిన మూడు చక్రాల ఆవిరి బండిని ముందున్న ఒంటి చక్రమే లాగేది. ఒకటే చక్రం కాబట్టి పంపకాల గొడవ లేదు. బలాన్ని రెండు చక్రాలకు పంచాలనుకున్నప్పుడే చిక్కంతా. గడియారాల పని తెలిసిన ఒనెసిఫోర్ పెక్యూర్ ఆ చిక్కు విప్పి, 1827-28 ప్రాంతంలో పారిస్‌లో ఒక ఆవిరి బండి కోసం డిఫరెన్షియల్‌కు పేటెంటు తీసుకున్నాడు. అది గడియారాలవాడికి తట్టడంలో వింత లేదు. ఇంగ్లండ్‌లో జోసెఫ్ విలియమ్సన్ 1720 నాటికే ఒక గడియారంలో అలాంటి అమరిక వాడాడు. ప్రాచీన చైనాలో ఎటు తిప్పినా దక్షిణం వైపే చెయ్యి చూపే బొమ్మ ఉన్న రథం ఒకటి ఉండేది. అందులోనూ ఇవే గేర్లు ఉండి ఉంటాయని 1947లో జార్జ్ లాంచెస్టర్ అనే ఇంజినీరు నమూనా చేసి మరీ చూపించాడు.

దీన్ని మామూలు జనం దగ్గరికి తెచ్చింది మాత్రం సైకిలు. కోవెంట్రీలో కుట్టుమిషన్లు చేసి, తర్వాత సైకిళ్ల వైపు మళ్లిన జేమ్స్ స్టార్లీ, తన కొడుకు విలియంతో కలిసి పక్కపక్కన కూర్చుని తొక్కే బండి నడుపుతున్నాడట. ఎవరి వైపు చక్రం వాళ్లదే. కొడుకు పడుచువాడు, వాడి తొక్కుడు ముందు తండ్రి తొక్కుడు చాల్లేదు. బండి పక్కకు తిరిగి దురదగొండి పొదల్లోకి దూసుకుపోయింది. లేచి దులుపుకున్న స్టార్లీ, ఇద్దరి బలాన్నీ కలిపి రెండు చక్రాలకూ సమంగా పంచే గేరు గురించి ఆలోచించాడనీ, అది 1877లో తేలిందనీ సైకిలు చరిత్రకారులు చెబుతారు. ఆ గేరున్న ట్రైసికిల్‌ను విక్టోరియా మహారాణి తెప్పించుకుంది. 1886 జనవరి 29న కార్ల్ బెంజ్ పేటెంటుకు పెట్టిన మొదటి కారులోనూ డిఫరెన్షియల్ ఉంది.

దాని పని తీరు తేలికే. ఇంజిన్ నుంచి వచ్చే బలం పెద్ద పళ్ల చక్రాన్ని, అంటే మెకానిక్కుల మాటలో క్రౌన్‌ను తిప్పుతుంది. క్రౌన్‌కు బిగించిన పెట్టెలో ఒక పిన్నుకు గుచ్చిన చిన్న పినియన్లు ఉంటాయి. వాటికి రెండు పక్కలా చక్రాల షాఫ్టుల తాలూకు గేర్లు. తిన్నటి రోడ్డు మీద పినియన్లు తమ చుట్టూ తాము తిరగవు, పెట్టెతో కలిసి ఊరికే పోతాయి. మలుపు రాగానే కదిలి, ఒక చక్రానికి తగ్గించిన వేగాన్ని రెండోదానికి కలుపుతాయి. ముందరి రెండు టైర్లలో ఒకటి కొత్తదీ ఒకటి బాగా అరిగినదీ అయితే మాత్రం తిన్నటి రోడ్డు మీద కూడా పినియన్లకు విశ్రాంతి ఉండదు. టైర్లు జతగా మార్చమనేది ఇందుకే.

సూయజ్ దెబ్బకు పుట్టిన చిన్న కారు

డిఫరెన్షియల్ ముందుకు రావాలంటే ముందు చక్రాలు రెండు పనులు చెయ్యాలి: బండిని లాగాలి, పక్కకు తిరగాలి. బాగా తిరిగి ఉన్న చక్రానికి పాతకాలపు జాయింటుతో బలం పంపితే వేగం ఒక చుట్టులోనే పెరిగి తగ్గుతుంది, స్టీరింగ్ చేతిలో అదురుతుంది. 1926లో ఫ్రాన్స్‌లో పియెర్ ఫెనాయ్, జాన్ ఆల్బెర్ గ్రెగ్వార్ చేసిన ట్రాక్టా జాయింటు, దాదాపు అదే కాలంలో ఆల్ఫ్రెడ్ ర్జెప్పా చేసిన గుండ్ల జాయింటు ఆ అదురును పోగొట్టాయి. ఈనాటి కార్లలో మలుపు తిరిగేటప్పుడు టక్ టక్‌మని మోగే జాయింటు ర్జెప్పా జాయింటు వారసురాలే. ఎండకూ ఇసుకకూ దాన్ని కప్పే రబ్బరు బూటు పగిలి, గ్రీజు బయటికి పోయిందని ఆ చప్పుడుకు అర్థం.

1934లో ఆంద్రే సిట్రోయెన్ ముందు చక్రాలతో లాగే ట్రాక్షన్ అవాంట్‌ను పెద్దఎత్తున మార్కెట్లోకి తెచ్చాడు. దానికి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పెట్టాలని చూసి, అది కుదరక చివరి క్షణంలో మాన్యువల్ పెట్టారు. కారు గెలిచింది గానీ ఖర్చులు కంపెనీని ముంచాయి. సంస్థ మిషెలిన్ చేతికి పోయింది, మరుసటి ఏడాది సిట్రోయెన్ కన్నుమూశాడు.

అసలు మలుపు అరబ్బుల నేల మీది నుంచే వచ్చింది. 1956లో సూయజ్ కాలువ గొడవతో బ్రిటన్‌లో పెట్రోలుకు రేషన్ పెట్టారు. తక్కువ తాగే చిన్న కారు కావాలని అలెక్ ఇసిగోనిస్‌కు పని అప్పగించారు. 1959 ఆగస్టులో వచ్చిన మినీ పొడవు పదడుగులు. ఇంజిన్‌ను అడ్డంగా తిప్పి, గేర్‌బాక్స్‌నూ డిఫరెన్షియల్‌నూ దాని కింద నూనె తొట్టిలోనే ఇమిడ్చాడు. ఇంజిన్‌కూ గేర్లకూ డిఫరెన్షియల్‌కూ ఒకటే నూనె. చోటు మిగిలింది గానీ గేరు పళ్లు ఇంజిన్ ఆయిల్‌ను నలిపి త్వరగా పల్చబరిచేవి. నూనె తరచూ మార్చక తప్పేది కాదు.

ఈ తిరకాసును సరిదిద్దినవాడు ఇటలీ ఇంజినీరు దాంతే జియకోసా. ఇంజిన్ అడ్డంగానే ఉంటుంది, గేర్‌బాక్స్ దాని కింద కాకుండా పక్కన చేరుతుంది, డిఫరెన్షియల్ గేర్‌బాక్స్ డొప్పలో సర్దుకుంటుంది. ఇంజిన్ ఆయిల్ వేరు, గేర్‌బాక్స్ ఆయిల్ వేరు. చక్రాలకు వెళ్లే షాఫ్టుల్లో ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. ఫియట్ కంపెనీ తన పేరు మీద సాహసం చెయ్యకుండా 1964లో ఆటోబియాంకి ప్రిమూలాతో పరీక్షించి, 1969లో ఫియట్ 128గా తెచ్చింది. ప్రపంచంలో చిన్న కార్లు చేసే కంపెనీలు దాదాపు అన్నీ క్రమంగా ఇదే దారికొచ్చాయి. 1983 డిసెంబరులో మన దేశంలో రోడ్డెక్కిన మారుతి 800 కూడా ఈ దారిదే.

నూనె ఒకటి, పనులు మూడు

డిఫరెన్షియల్ చోటు మారితే నూనె ఎందుకు మారాలి? వెనక ఇరుసు కారులో ఇంజిన్ నిలువుగా ఉంటుంది, బలం పొడుగాటి షాఫ్టు మీదుగా వచ్చి ఇరుసు దగ్గర లంబంగా మళ్లాలి. ఆ మళ్లింపుకు 1920ల చివర్లో ప్యాకార్డ్ కార్లతో వాడుకలోకి వచ్చిన హైపాయిడ్ గేర్లలో పళ్లు ఒకదాని మీద ఒకటి గట్టిగా జారుతూ రాసుకుంటాయి. మామూలు నూనె ఆ ఒత్తిడికి చిరిగిపోతుంది. గంధకం, భాస్వరం కలిపిన చిక్కటి నూనె కావాలి. ఘాటు వాసన వేసే జి.ఎల్.-5 గేరాయిల్ అదే. గేర్‌బాక్స్‌లో ఇత్తడి సింక్రో రింగులకు ఆ మందు సరిపడదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు.

ఇంజిన్ అడ్డం తిరిగాక బలం మళ్లాల్సిన పనే లేకుండా పోయింది. ఏటవాలు పళ్లున్న మామూలు గేర్లు చాలు. వాటికి ఘాటు మందులు అక్కర్లేదు. అందుకే ముందు చక్రాల మాన్యువల్ కారులో జి.ఎల్.-4 తరగతి నూనె, ఆటోమేటిక్ కారులో ఏ.టి.ఎఫ్. అనే పల్చటి ఎర్ర నూనె డిఫరెన్షియల్‌కు కూడా సరిపోతాయి.

ఏ.టి.ఎఫ్.ది మరో కథ. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో జనరల్ మోటార్స్ హైడ్రామాటిక్ గేర్‌బాక్స్ వచ్చింది. దానికి తగిన నూనెకు 1949లో టైప్ ఏ అనే ప్రమాణం పెట్టారు. కారు కింద మరక పడితే ఇంజిన్‌దా గేర్‌బాక్స్‌దా అని ఇట్టే తెలియడానికి ఎర్ర రంగు కలిపారు. లోపలి క్లచ్ పలకలు కుదుపు లేకుండా పట్టుకోవడానికి చాలాకాలం తిమింగలం కొవ్వు నూనె కలిపేవారు. స్పెర్మ్ తిమింగలాలు అంతరించిపోతున్నాయని 1970 ప్రాంతంలో అమెరికా వాటి నూనె దిగుమతిని ఆపేసింది. 1967లో మొదలైన డెక్స్రాన్ ప్రమాణం 1970లలో రెండో తరానికి మారి, తిమింగలం అవసరం లేకుండా ఆ పని చేసే రసాయనాలను వెతుక్కుంది.

ముందు చక్రాల ఆటోమేటిక్‌లో ఈ ఒక్క నూనె మూడు పనులు చెయ్యాలి. టార్క్ కన్వర్టర్‌లో బలాన్ని మొయ్యాలి, క్లచ్‌లను ఒత్తిపట్టి చల్లబరచాలి, డిఫరెన్షియల్ గేర్లకు కందెన కావాలి. ఈ కలయికను ఇంజినీర్లు కూడా వెంటనే నమ్మలేదు. 1980, 90లలో వచ్చిన కొన్ని టయోటా ఆటోమేటిక్‌లలో డొప్ప ఒకటే అయినా డిఫరెన్షియల్ గది వేరు, దాని డ్రెయిన్ నట్టు వేరు. రెంటిలోనూ పోసేది ఎర్ర నూనే గానీ అటుదిటు, ఇటుదటు పారదు. ఆ సంగతి తెలియని మెకానిక్ గేర్‌బాక్స్ పాన్ నట్టు ఒకటే విప్పి, కొత్త నూనె పోసి పంపేవాడు. డిఫరెన్షియల్ గదిలో పాత నూనె ఏళ్ల తరబడి అలాగే నల్లబడేది. తర్వాతి మోడళ్లలో గోడ తీసేసి రెంటినీ కలిపారు.

2000ల్లో ఇంకో అడుగు పడింది. ఎక్కువకాలం నిలిచే పల్చటి కొత్త నూనెలు వచ్చాయి. టయోటాలో దాని పేరు డబ్ల్యు.ఎస్. వాటితోపాటు నూనె చూసుకునే డిప్‌స్టిక్‌నే తీసేశారు. మార్చనక్కర్లేదు, కారు ఉన్నంతకాలం ఉంటుంది అన్న మాట ప్రచారంలోకొచ్చింది. అవే కార్ల పుస్తకాల్లో తీవ్రమైన వాడకం అని ఇంకో పేజీ ఉంటుంది: ఎండ, దుమ్ము, బరువు లాగడం, ఆగి ఆగి నడిచే ట్రాఫిక్. ఆ పేజీలో నూనె మార్చాల్సిన కిలోమీటర్లు ఉంటాయి. ఒమాన్‌లో నడిచే కారుకు వర్తించేది ఆ పేజీయే.

ఎండ, వాదీ, ఇసుక

1970 జూలైలో సుల్తాన్ కాబూస్ గద్దెనెక్కేనాటికి ఒమాన్ మొత్తం మీద తారు రోడ్డు సుమారు 10 కిలోమీటర్లు. అప్పుడు అక్కడ ఎక్కువగా నడిచింది ల్యాండ్ రోవర్లే. రోడ్లు పడ్డాకే చిన్న కార్లకు చోటు దొరికింది. నేడు ఒమానీలు మాత్రమే నడిపే తెలుపు-నారింజ రంగు టాక్సీల్లోనూ ముందు చక్రాల కార్లే మెండు. ఖరీఫ్ జల్లులు చూడ్డానికి కుటుంబాలతో సలాలా బయల్దేరేవాళ్లు ఆదం, హైమా మీదుగా వెయ్యి కిలోమీటర్ల ఎడారి దాటుతారు. గంటకు 120 మీద గంటల తరబడి నడిచాక, తుమ్రైత్ దాటి ధోఫార్ కొండ దిగాలి.

గేర్‌బాక్స్ నూనెకు మొదటి ముప్పు ఎండ. అది చల్లబడేది రేడియేటర్‌లోని చిన్న గొట్టాల్లో. బయటి గాలే కాలిపోతుంటే అక్కడ మిగిలే చల్లదనం కొంచెమే. మస్కట్‌కు దిగువన ఖురయ్యాత్‌లో 2018 జూన్ 26న రాత్రీ పగలూ కలిపి 24 గంటల్లో ఉష్ణోగ్రత 42.6 డిగ్రీల కిందికి దిగలేదు. అంత వేడి కనిష్ఠం ప్రపంచంలో ఇంకెక్కడా నమోదు కాలేదని వాతావరణ నిపుణులు అప్పట్లో తేల్చారు. నూనె వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే అది చెడే వేగం రెట్టింపవుతుందన్నది కందెనల నిపుణుల స్థూలమైన లెక్క. చల్లటి దేశంలో లక్ష కిలోమీటర్లు బతికే నూనె ఇక్కడ అంత బతకదు.

రెండోది వాదీ, అంటే ఎండిన వాగు. వాన పడగానే ఈ వాగులు పొంగుతాయి. పారే వాదీలోకి కావాలని కారు దింపడం ఒమాన్‌లో నేరం. ప్రాణభయం మాట అటుంచితే, గేర్‌బాక్స్‌కూ ముప్పే. డొప్ప పైన గాలి ఆడటానికి చిన్న బ్రీదర్ గొట్టం ఉంటుంది. వేడెక్కిన డొప్ప ఒక్కసారిగా నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి ఆ గొట్టం గుండా, సీళ్ల గుండా నీళ్లను లాగేసుకుంటుంది. తర్వాత నట్టు విప్పితే ఎర్ర నూనె బదులు రోజ్ మిల్క్ లాంటిది కారుతుంది. క్లచ్ పలకల మీది కాగితపు పొరలను పట్టి ఉంచే జిగురు ఆ నీటికి ఊడిపోతుంది. రేడియేటర్ లోపల గొట్టం చిల్లుపడి కూలెంట్ కలిసినా ఇదే రంగు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

మూడోది ఇసుక. బీచిలో కారు కూరుకుపోతే ఒక చక్రం ఆగిపోతుంది, రెండోది గిర్రున తిరుగుతుంది. డిఫరెన్షియల్ తేలిగ్గా తిరిగే చక్రానికే వేగమంతా ఇస్తుంది మరి. మలుపులో నాలుగు చుట్లు మెల్లగా తిరగడానికి చేసిన పినియన్లు ఇప్పుడు నిమిషాల తరబడి పిన్ను మీద విపరీతమైన వేగంతో తిరుగుతాయి. నూనె పొర ఎగిరిపోయి లోహం లోహాన్ని కొరుకుతుంది. యాక్సిలరేటర్ తొక్కి పట్టుకోవడం కంటే టైర్లలో గాలి తగ్గించి, ఇసుక తవ్వి, ఇంకో బండితో లాగించుకోవడం మేలు. కొండ దారీ అంతే: జబల్ అఖ్దర్ ఎక్కబోతే బిర్కత్ అల్ మౌజ్ దగ్గర పోలీసులు ఫోర్ వీల్ కాని కారును వెనక్కి పంపేస్తారు. నిట్టనిలువు దారిలో బరువు వెనక్కి ఒరిగి, లాగాల్సిన ముందు చక్రాల పట్టు సడలుతుంది. దిగేటప్పుడు బ్రేకుల మీద పడే భారం ఇంకా ప్రమాదం.

నట్టు విప్పితే

మస్కట్‌లోని వాదీ కబీర్ మెకానిక్ షెడ్లలో నూనె మార్చే పని చూస్తే కథంతా ఒక్క పళ్లెంలో కనిపిస్తుంది. కారును లిఫ్ట్ మీద లేపి డ్రెయిన్ నట్టు విప్పుతారు. మొదట దారంలా, తర్వాత ధారగా నూనె పడుతుంది. చాలా కార్లలో నట్టుకో, పాన్ అడుగునో అయస్కాంతం ఉంటుంది. దాని మీద బూడిద రంగు మెత్తటి పేస్టు ఉంటే అది మామూలు అరుగుదల. వేలికి గుచ్చుకునే ముక్కలుంటే గేరు పన్ను విరిగినట్టే. ఎరుపు తిరిగి గోధుమ రంగుకు వచ్చిన నూనె మార్చే వేళ దాటిందంటుంది. నల్లబడి మాడు వాసన వేస్తే క్లచ్‌లు కాలాయి.

ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. నట్టు విప్పితే వచ్చేది మొత్తం నూనె కాదు. టార్క్ కన్వర్టర్‌లోనూ గొట్టాల్లోనూ సగం దాకా ఉండిపోతుంది. ఒకసారి మారిస్తే సగం కొత్తది, కొన్నాళ్లు నడిపి మళ్లీ మారిస్తే ముప్పాతిక. డిప్‌స్టిక్ లేని కారులో మట్టం చూసేది నూనె ఒక నిర్ణీత వేడి మీద ఉన్నప్పుడు చిన్న గొట్టం నుంచి పొర్లేదాన్ని బట్టి. చాలా టయోటాల్లో ఆ వేడి 40-45 డిగ్రీల దగ్గర. జూన్ మధ్యాహ్నం మస్కట్ షెడ్డులో నీడే అంత ఉంటుంది. ఇంజిన్ వేసిన కాసేపట్లో నూనె ఆ హద్దు దాటి, ఉబ్బి, ఎక్కువగా పొర్లిపోతుంది. చల్లారాక చూస్తే తక్కువ పోసినట్టవుతుంది. ఈ పని తెల్లవారుజామునో ఏసీ ఉన్న షెడ్డులోనో, స్కానర్‌లో వేడి చూసుకుంటూ చేయించాలి.

ఏ నూనె అన్నది కూడా గట్టిగా అడగాలి. ఇటీవలి నిస్సాన్ సన్నీలో ఉండే సి.వి.టి. రకం గేర్‌బాక్స్‌లో వేగం మార్చేవి గేర్లు కాదు, ఉక్కు బెల్టూ పుల్లీలూ. అవి జారకుండా పట్టుకునే నూనె వేరే. డ్రమ్ములోంచి తీసి అన్ని కార్లకూ పోసే ఎర్ర నూనె అందులో పడితే బెల్టు జారి గేర్‌బాక్స్ చేతికొస్తుంది.

ఇక రేపటి మాట. బ్యాటరీ కారు కొంటే ఆయిల్ గొడవే ఉండదని అమ్మేవాళ్లు చెబుతుంటారు. ఇంజిన్ ఆయిల్ వరకూ అది నిజం. 2010లో వచ్చిన నిస్సాన్ లీఫ్, మన టాటా నెక్సాన్ ఈవీ కూడా ముందు చక్రాల కార్లే. మోటారు వేగాన్ని తగ్గించే గేర్లూ, వాటి చివర డిఫరెన్షియలూ రెంటిలోనూ ఉన్నాయి. లీఫ్‌లో వాటికి పోసేది ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనే. క్లచ్ పలకలు లేవు కాబట్టి నూనె మాడదు, కానీ పళ్లు అరిగితే పొడి అందులోకే చేరుతుంది, వాదీ నీళ్లు చొరబడితే అందులోకే పోతాయి. రెండు చక్రాలు మలుపు తిరిగినంతకాలం డిఫరెన్షియల్ ఉంటుంది, అది ఉన్నంతకాలం దాని నూనె గురించి అడగాల్సిన బాధ్యత కారు యజమానిదే. ఈసారి సర్వీసుకు వెళ్లినప్పుడు గేర్‌బాక్స్ నూనె ఎప్పుడు మార్చారో, డిఫరెన్షియల్ అందులోనే ఉందా వేరేగా ఉందా అడిగి, జవాబును కారు పుస్తకంలో రాయించుకోండి.